చేతికి చిక్కిన హనుమ

2009లో హైదరాబాద్‌లో తయారైన ఒక వీడియో గేమ్ మతానికి సంబంధించి గట్టి ప్రశ్న ఒకటి లేవనెత్తింది. ఆ ప్రశ్న దగ్గర నిలబడి మనం ఆలోచించేలోపే గేమ్ మరుగున పడిపోయింది. దాని పేరు ‘హనుమాన్: బాయ్ వారియర్’. అరోనా టెక్నాలజీస్ అనే ఇక్కడి సంస్థ తయారుచేస్తే, ప్లేస్టేషన్ 2 మీద ఆడుకునేందుకు సోనీ విడుదల చేసింది. పూర్తిగా మన దేశంలోనే రూపుదిద్దుకున్న తొలి ప్లేస్టేషన్ గేమ్‌గా దానికి పేరు వచ్చింది. ఆ గర్వం చల్లారకముందే అమెరికాలోని నెవాడా నుంచి రాజన్ జెడ్ అనే హిందూ సంస్థ అధ్యక్షుడు అభ్యంతరం చెప్పాడు. హనుమంతుడు గుళ్లలో, ఇళ్లలో పూజలందుకునే దేవుడు. అలాంటి వాణ్ణి ఎవరో ఒక ఆటగాడు బటన్లు నొక్కి పరుగెత్తించడం, దూకించడం, కొట్టించడం ఆయన్ను చిన్నబుచ్చడమేనని, గేమ్‌ను వెనక్కి తీసుకోవాలని ఆయన వాదన. మూడేళ్ల తర్వాత ‘స్మైట్’ అనే అమెరికన్ గేమ్‌లో కాళికను, మరికొందరు దేవతలను పెట్టినప్పుడు కూడా ఆయన దాదాపు ఇదే మాట అన్నాడు. ఈ అభ్యంతరాన్ని ప్రచారం కోసం చేసిన గోలగా కొట్టిపారేసిన వాళ్లున్నారు. అలా కొట్టిపారేయడం నాకు ఒప్పుదల కాదు. దేవుణ్ణి మనిషి చేతి కింద పెట్టవచ్చా అన్నది నిజమైన ప్రశ్న. అయితే రాజన్ జెడ్ వేలు పెట్టి చూపించిన చోట తప్పు లేదని, తప్పంటూ ఉంటే అది ఆ పక్కనే ఉందని నా అభిప్రాయం.

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నెవాడా దాకా వెళ్లనక్కర్లేదు, శంషాబాద్ చాలు. విమానాశ్రయం దాటి ముచ్చింతల్ వైపు వెళితే చినజీయర్ స్వామి సంకల్పంతో వెలసిన రామానుజాచార్యుల విగ్రహం కనిపిస్తుంది. 2022 ఫిబ్రవరి 5న ప్రధాని ఆవిష్కరించిన ఆ సమతామూర్తి ఎత్తు 216 అడుగులు. ఆ ఎత్తు గురించి పత్రికలు ఎంతో రాశాయి. దాని చుట్టూ కొలువుతీరిన 108 దివ్యదేశాల చిన్న గుళ్ల వెనక ఉన్న సిద్ధాంతం గురించి అంతగా రాయలేదు. మన ప్రశ్నకు కావలసింది ఆ సిద్ధాంతమే. పాంచరాత్ర ఆగమం భగవంతుడికి ఐదు స్థితులు చెబుతుంది: పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ. ఈ ఆగమం వేదానికి విరుద్ధమన్న వాదాన్ని రామానుజులు శ్రీభాష్యంలో ఖండించి, దాని ప్రామాణ్యాన్ని నిలబెట్టారు. ఆయన తర్వాతి ఆచార్యులు, ముఖ్యంగా పిళ్లై లోకాచార్యులు, ఐదింటిలోనూ అర్చావతారాన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపించారు. కారణం ఏమిటంటే, తక్కిన నాలుగు స్థితుల్లో స్వతంత్రుడైన భగవంతుడు ఇక్కడ అర్చకుడికి పరాధీనుడవుతాడు. లేపితే లేస్తాడు, స్నానం చేయిస్తే చేస్తాడు, పెట్టిందే ఆరగిస్తాడు, తలుపు మూస్తే లోపల ఉండిపోతాడు, పల్లకిలో పెట్టి ఏ వీధికి తీసుకెళితే ఆ వీధికి వెళతాడు. ఇది ఆయన మహిమకు లోటని ఆ సంప్రదాయం అనుకోలేదు. మనకు అందడం కోసం ఇంతగా దిగివచ్చాడే అని, ఆ సౌలభ్యాన్నే అన్ని గుణాల కంటే పైన పెట్టింది.

ఇంతకంటే నేరుగా మన విషయానికి తగిలే కథ ఒకటి రామానుజుల చరిత్రలోనే ఉంది. మేల్కోటె ఉత్సవమూర్తి ఢిల్లీ సుల్తాను వశమైందని, ఆయన కూతురు ఆ విగ్రహాన్ని బొమ్మగా పెట్టుకుని ఆడుకునేదని శ్రీవైష్ణవులు చెప్పుకుంటారు. రామానుజులు వెళ్లి, కన్నబిడ్డను పిలిచినట్టు పిలిస్తే ఆ మూర్తి నడిచి వచ్చి ఒడిలో కూర్చుందట. ఎడబాటు తట్టుకోలేక ఆ అమ్మాయి వెంట వచ్చిందని, ఆమెకు స్వామి పాదాల దగ్గర చోటు దక్కిందని కథ. తిరుపతి వెంకన్న భార్యగా మనవాళ్లు చెప్పుకునే బీబీ నాంచారమ్మ కథకూ దీనికీ దగ్గరి సంబంధం ఉంది. ఇది చరిత్రగా జరిగిందా లేదా అన్నది వేరే చర్చ. ఒక మత సంప్రదాయం తన గురించి తాను ఏం చెప్పుకుందో మాత్రం ఈ కథలో స్పష్టంగా ఉంది. దేవుణ్ణి ఆటబొమ్మ చేసుకున్న పరాయి మతపు అమ్మాయిని అది శిక్షించలేదు, గుళ్లోకి తీసుకొచ్చి నిలబెట్టింది. తోలుబొమ్మలాటలోనూ ఇదే చూస్తాం. నిమ్మలకుంట కళాకారుడు హనుమంతుడి బొమ్మకున్న పుల్లలు పట్టుకుని ఆ చేయి ఎత్తుతాడు, ఆ కాలు కదుపుతాడు, గంతు వేయిస్తాడు. తెర ముందు కూర్చున్న ఊరు దండం పెడుతుంది. భద్రాచలం రామదాసు రాముణ్ణి నిలదీసి దెప్పిపొడిచిన కీర్తనలను మనం భక్తిగానే పాడుకుంటాం. చేతిలోకి తీసుకోవడం, ఆడించడం, చివరికి తిట్టడం కూడా మన భక్తికి కొత్త కాదు. కాబట్టి నడిపించడమే అపచారం అనడానికి మన సంప్రదాయంలో ఆధారం దొరకదు.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. అర్చకుడు సేవ కోసం ముట్టుకుంటాడు, సుల్తాను కూతురు ప్రేమతో ఎత్తుకుంది, రామదాసు బాధతో తిట్టాడు. ఆటగాడు గెలవడానికి నొక్కుతాడు. ఈ రెండూ ఒకటెలా అవుతాయి? నిజమే, ఒకటి కావు. కానీ ఆ మాట ఒప్పుకున్న మరుక్షణం ప్రశ్న మారిపోయింది. ఇప్పుడు మనం అడుగుతున్నది ఎవరి చేయి ఎవరి మీద ఉందని కాదు, ఆ చేయి దేనికోసం కదులుతోందని. ఆటగాడి మనసులో ఏముందో బయటివాళ్లం చూడలేం. ఒక కుర్రాడు హనుమ బొమ్మను దూకిస్తూ నిజంగానే భక్తితో పొంగిపోవచ్చు, ఇంకొకడికి అది మరో కోతి కావచ్చు. వాళ్ల మనసులు మన విచారణకు అందవు. గేమ్ నిర్మాణం అందుతుంది. ఏ పనికి అది పాయింట్లు ఇస్తుంది, దేన్ని ఓటమి అంటుంది, ఏది పూర్తయితే తర్వాతి అంకానికి తలుపు తెరుస్తుంది అన్నవి పరిశీలించి తూకం వేయగలిగిన విషయాలు. ఒక వీరుడి కథను గేమ్‌గా మలిచినప్పుడు ఆ వీరుడి బలం దేనికోసం ఉందో అది మిగిలిందా లేదా అన్నదే అడగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నను దేవుడు కాని ఒక వీరుడి మీద పెట్టి చూస్తే ఇంకా తేటగా కనిపిస్తుంది. జపాన్ ఖడ్గవీరుడు మియమోటో ముసాషిని గేమ్ చేసినంత తరచుగా చరిత్ర పురుషుల్లో కొద్దిమందినే చేసి ఉంటారు. 1584 ప్రాంతంలో పుట్టి 1645లో చనిపోయిన ఈ సామురాయ్‌ని యోషికవా ఎయిజీ 1935 నుంచి 1939 వరకు సాగిన పత్రికా నవలతో ఇంటింటికీ చేర్చాడు. ఇనగాకి తీసిన మూడు సినిమాల్లో తోషిరో మిఫునే ఆ పాత్ర వేశాడు. 1998లో స్క్వేర్ సంస్థ ‘బ్రేవ్ ఫెన్సర్ ముసాషి’ తెచ్చింది, 2005లో ‘ముసాషి: సామురాయ్ లెజెండ్’ వచ్చింది. 2024 డిసెంబరులో క్యాప్‌కామ్ ప్రకటించిన ‘ఒనిముషా: వే ఆఫ్ ది స్వోర్డ్’లో క్యోటో వీధుల్లో రాక్షసులను నరికే ముసాషికి ఏకంగా మిఫునే ముఖాన్నే తొడిగారు. గేమ్‌కు ముసాషి కంటే తగిన మనిషి దొరకడని అనిపించడం సహజం. పదమూడో ఏట మొదలుపెట్టి ముప్పై నిండేలోపు అరవైకి పైగా పోటీల్లో తలపడ్డానని, ఒక్కదానిలోనూ ఓడలేదని ఆయనే రాసుకున్నాడు. ఒంటరి మనిషి, ఒకరి తర్వాత ఒకరు ప్రత్యర్థులు, ప్రతి గెలుపుతో పెరిగే నేర్పు. గేమ్ రాసేవాళ్లకు ఇంకేం కావాలి?

అయితే ఆ లెక్క చెప్పిన పుస్తకంలోనే, ఆ వెంటనే, ముసాషి మరో మాట రాశాడు. 1643లో కుమమోటో దగ్గరి రెయిగాందో గుహలో కూర్చుని మొదలుపెట్టిన ‘గోరిన్ నో షో’ అది. ముప్పై ఏళ్లకు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ గెలుపులు తన విద్య పండినందువల్ల వచ్చినవి కావని తోచిందట. పుట్టుకతో వచ్చిన చురుకుదనం కావచ్చు, దైవనిర్ణయం కావచ్చు, ఎదుటివాళ్ల విద్యలో లోపం కావచ్చు అనుకున్నాడు. అక్కణ్నుంచి యాభై ఏళ్ల వయసు దాకా అసలు మార్గం కోసం వెతికాడు. ఒక్కసారి కూడా ఓడని మనిషి తన గెలుపులనే సాక్ష్యంగా ఒప్పుకోలేదు! ఈ సందేహం నాకు ఆయన కత్తి కంటే గొప్పగా కనిపిస్తుంది. ఆ పుస్తకం భూమి, నీరు, అగ్ని, గాలి అనే నాలుగు భాగాలు దాటి శూన్యం అనే చిన్న భాగంతో ముగుస్తుంది. బౌద్ధంలో శూన్యాన్ని తర్కంతో నిలబెట్టిన ఆచార్య నాగార్జునుణ్ణి మన కృష్ణా తీరం తనవాడిగా చెప్పుకుంటుంది, జపాన్ బౌద్ధులు ర్యూజు అన్న పేరుతో కొలుస్తారు. అంత దూరం ప్రయాణించిన ఆలోచన ఒక కత్తి పట్టిన మనిషి పుస్తకంలో చివరి మాట కావడం ఆశ్చర్యం కలిగిస్తుంది. గేమ్‌లో మాత్రం గెలుపే సాక్ష్యం, గెలుపే తీర్పు. ముప్పై ఏళ్ల దాకా ఉన్న ముసాషిని అది తీసుకుంటుంది. ఆ తర్వాతి ముసాషికి దానిలో చోటు లేదు. ఇందులో దైవదూషణ ఏమీ లేదు, ముసాషి దేవుడు కాడు కాబట్టి. అయినా ఏదో పోయిందని తెలుస్తూనే ఉంది. ఆ పోయినదాన్ని గుర్తుపడితే హనుమ విషయంలో ఏం వెతకాలో తెలుస్తుంది.

ముసాషి బలం ఆయన సొంతం. చనిపోయే ముందు రాసిపెట్టిన నియమాల్లో, దేవుళ్లను బుద్ధులను గౌరవించమన్నాడు గాని వాళ్ల సాయం మీద ఆధారపడవద్దన్నాడు. హనుమ దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడతాడు. ఆయన బలం తన కోసం వాడుకోవడానికి ఉన్నది కాదు. ఆ సంగతి చెప్పడానికి రామాయణం ఎంచుకున్న ఘట్టమే ఆయన బాల్యం. హైదరాబాద్ గేమ్ ఎంచుకున్నదీ ఆ వయసునే కావడం వల్ల దాన్ని జాగ్రత్తగా చూడాలి. ఉత్తరకాండ ప్రకారం, సూర్యుణ్ణి పండనుకుని ఎగిరిన పిల్లవాణ్ణి ఇంద్రుడు వజ్రాయుధంతో కొట్టాడు. వాయువు అలిగి ఊపిరి బిగపడితే లోకాలు అల్లాడాయి. దేవతలంతా దిగివచ్చి ఆ పిల్లవాడికి వరాల మీద వరాలిచ్చారు. గేమ్ భాషలో చెప్పాలంటే అన్ని శక్తులూ ఒకేసారి చేతికొచ్చాయి. ఆ శక్తులతో బాలహనుమ చేసిందేమిటి? ఋషుల ఆశ్రమాల్లో జొరబడి యజ్ఞ సామగ్రి చిందరవందర చేశాడు, నారచీరలు చింపాడు. అతనికి హాని చేసే ఉద్దేశం లేదు, అది ఆటే. ఋషులు కూడా కోపంతో నాశనం చేయలేదు. ఎవరైనా గుర్తు చేసేదాకా నీ బలం నీకు తెలియకుండుగాక అన్నారు, అంతే. తర్వాత సముద్రతీరంలో వానరులు దిక్కుతోచక కూర్చున్నప్పుడు జాంబవంతుడు గుర్తు చేశాడు, పని దొరికాక బలం తిరిగొచ్చింది. పని లేని బలాన్ని, అది పిల్లవాడి ఆటే అయినా, మన పురాణం మూసి దాచిపెట్టింది. యజమాని లేని బాలవీరుణ్ణి కథానాయకుడిగా తీసుకున్న ఏ గేమ్ అయినా ఋషులు మూసిన ఆ పెట్టెనే తెరుస్తోంది.

సుందరకాండకు వస్తే గేమ్‌కు సరిపోయే కథ ఇంకోటి లేదనిపిస్తుంది. సముద్రం మీద ఎగురుతున్న వీరుడికి మూడు ఆటంకాలు వరుసగా ఎదురవుతాయి. కానీ వాటిని దాటిన తీరు చూడండి. మైనాకుడు నీళ్లలోంచి లేచి విశ్రాంతి తీసుకొమ్మన్నాడు. హనుమ మొదట అడ్డమనుకుని ఛాతీతో తోసినా, సంగతి తెలిశాక చేత్తో తాకి మర్యాద చేసి ముందుకు సాగాడు. సురస నోరు తెరిచింది. పెరిగి పెరిగి, ఒక్కసారిగా చిన్నవాడై, ఆ నోట్లోకి వెళ్లి వచ్చి నమస్కరించాడు. సింహిక నీడ పట్టుకుని లాగింది, ఆమెను చంపాడు. మూడింటిలో కొట్టవలసింది ఒక్కటే. ఏది స్నేహం, ఏది పరీక్ష, ఏది శత్రువు అని తేల్చుకోవడమే ఇక్కడి నేర్పు. లంకలో ఎంత వెతికినా సీత కనబడనప్పుడు ఆయన ప్రాణం తీసుకోవాలనుకునేంతగా కుంగిపోయాడు, బతికుంటే మేలు చూడవచ్చని మళ్లీ లేచాడు. అశోకవనంలో ఆమె కనిపించాక నా వీపు మీద కూర్చో, ఇప్పుడే రాముడి దగ్గరికి చేరుస్తాను అన్నాడు. ఆమె వద్దంది. రాముడే వచ్చి రావణుణ్ణి ఓడించి తీసుకెళ్లడం ఆయనకు తగిన పని అంది. హనుమ ఒప్పుకున్నాడు. చేయగలిగిన పని చేయకుండా ఆగిన ఈ క్షణంలోనే ఆయన ఎవరో మనకు పూర్తిగా తెలుస్తుంది. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రం వేసినప్పుడు విడిపించుకోవచ్చని తెలిసీ పట్టుబడ్డాడు, రావణుణ్ణి ఎదురుగా చూడవచ్చని. అందరూ చెప్పుకునే లంకాదహనం తర్వాత ఆయనకు కలిగినది విజయగర్వం కాదు, భయం. ఈ మంటల్లో సీతమ్మ కూడా కాలిపోయిందేమో, కోపంలో ఎంత పని చేశానని తనను తాను నిందించుకున్నాడు. అంత పెద్ద విధ్వంసాన్ని ఆయన కొలుచుకున్న కొలత ఒక్కటే, ఆమె క్షేమం.

ఇంత బరువు ఒక గేమ్ మీద మోపడం సబబేనా అని అడిగేవాళ్లుంటారు. సినిమా వాళ్లను ఎవరూ ఇలా నిలదీయలేదు కదా అంటారు. శంషాబాద్ దగ్గరే నర్కూడలో ఉన్న అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి తెలుగు సినిమాల షూటింగులకు పేరుపడ్డ చోటు. ఎన్నో కాల్పనిక కథలు ఆ గోపురం ముందు నడిచాయి, గుడికి ఏ లోటూ రాలేదు. ఈ పోలిక కొంతవరకే పనికొస్తుంది. సినిమాలో హనుమ వేషంలో ఆర్జా జనార్దనరావు గద ఎత్తితే మనం చూస్తాం, గేమ్‌లో మనమే ఎత్తుతాం. చూసేవాడు కథను తప్పుగా అర్థం చేసుకోవచ్చు గాని కథ వాడికోసం మారదు. ఆడేవాడికి గేమ్ ఏ పనికి ఫలితం ఇస్తే ఆ పనే వీరుడి స్వభావమని తెలుస్తుంది, అదీ మాటల్లో కాదు, చేతుల అలవాటుగా. ఆ గుడిలో గమనించవలసింది మరొకటి ఉంది. కోదండం పట్టిన రాముడితో పాటు సీతా లక్ష్మణులు ఒకే శిలలో ఉన్నారు. మామూలుగా రాముడి పాదాల దగ్గర కనిపించే హనుమ ఆ గర్భగుడిలో లేడు, బయట ధ్వజస్తంభం దగ్గర స్వామికి ఎదురుగా ఉన్నాడు. పక్కన ఉన్నా, దూరంగా ఉన్నా, హనుమ విగ్రహాన్ని మనం ఎక్కడ పెట్టామన్నది రాముడు ఎక్కడున్నాడన్న దాన్నిబట్టే నిర్ణయమైంది. ఏ పల్లెలోనైనా ఒంటరిగా ఉన్న ఆంజనేయస్వామి గుడిలో కూడా రామనామం వినబడకుండా పూజ జరగదు.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. గేమ్ అన్నాక ఓటమి ఉండాలి, బొమ్మ పడిపోయి మళ్లీ మొదటినుంచి లేవాలి. చిరంజీవి అయిన హనుమను చావగలిగేవాడిగా చూపించక తప్పదు కాబట్టి ఆ రూపమే ఆయనకు పనికిరాదు, ఎంత చక్కగా రాసినా అపచారం తప్పదు అని. ఇది నిలిచే వాదమే, హనుమ ఓటమి అంటే ప్రాణం పోవడం ఒక్కటే అయితే. కానీ వాల్మీకి చూపించిన హనుమకు ఓటమి భయం లేదని ఎవరన్నారు? సీత కనిపించకపోవడం ఓటమి, మైనాకుణ్ణి శత్రువనుకోవడం ఓటమి, మంటల్లో ఆమెను మరిచిపోవడం ఓటమి. ఆయన ఎప్పుడూ భయపడినది వీటికే, ఒంటికి తగిలే దెబ్బలకు కాదు. ప్రాణం తగ్గే గీత తీసేసి ఈ ఓటములను పెడితే గేమ్ కష్టం తగ్గదు, పెరుగుతుంది. వ్యాపారం దీన్ని ఒప్పుకోదని అంటారేమో. వ్యాపారం ఏది ఒప్పుకుంటుందన్నది వ్యాపారులు చూసుకోవలసిన విషయం. ఏది అపచారం, ఏది కాదు అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. మతం కథను మతం కోసమే వాడాలన్న నియమం నేను పెట్టడం లేదు. ముసాషి విషయంలో అడిగిందే ఇక్కడా అడుగుతున్నాను: ఆ మనిషిని ఆ మనిషిగా నిలబెట్టినదాన్ని తీసేసి, చేతుల వేగాన్ని మాత్రమే ఉంచుకుంటే, ఆ పేరు వాడుకునే హక్కు ఎక్కణ్నుంచి వచ్చింది?

కాబట్టి హనుమను బటన్ల కింద పెట్టారని అరోనా వాళ్ల మీద తప్పు మోపలేం. మేల్కోటె స్వామి సుల్తాను కూతురి చేతుల్లో బొమ్మగా ఉండడానికి ఒప్పుకున్నాడని నమ్మే సంప్రదాయం కంట్రోలర్‌ను చూసి ఉలిక్కిపడనక్కర్లేదు. ఇక ముందు ఈ నగరంలో ఎవరైనా సుందరకాండను గేమ్‌గా చేయదలిస్తే వాళ్లను అడగవలసినవి వేరే ఉన్నాయి. సముద్రం మీద ఎదురైన ముగ్గురినీ ఒకే దెబ్బతో దాటిపోయే వీలు ఉండకూడదు. సీతను వీపు మీద ఎక్కించుకునే బలం ఆటగాడి చేతిలో నిజంగా ఉండాలి, ఆమె వద్దన్నాక వాడు దాన్ని వాడకుండా వదిలేయాలి. బ్రహ్మాస్త్రం తగిలినప్పుడు తెంచుకోగలిగీ కట్టుబడి ఉండాలి. లంక తగలబడడం దగ్గర గేమ్ ముగియకూడదు. అశోకవనానికి తిరిగి వెళ్లి, ఆమె క్షేమంగా ఉందని కళ్లారా చూసుకున్నాకే సముద్రం దాటనివ్వాలి.